అమ్మ పళ్ల మీద కనిపించింది, మన నీళ్లలో కనిపించనిది

మా అమ్మ నవ్వేటప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. పెళ్లిళ్లలో తీసిన ఏ ఫొటోలోనూ ఆమె పళ్లు కనిపించవు. పుట్టింది చిత్తూరు జిల్లా పడమటి వైపు ఒక పల్లెలో. పెళ్లయ్యేదాకా ఆ ఊరి నీళ్లే తాగింది. పైవరస పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు, అక్కడక్కడా సుద్దముక్కతో గీసినట్టు తెల్లమచ్చలు ఉండేవి. ఎంత తోమినా పోయేవి కావు. "మా ఊర్లో అందరికీ అట్లనే ఉండాయి మా. తిరుపతికి కాపురానికి వచ్చినాకనే తెలిసింది, అందరి పళ్లూ అట్లుండవని" అని నాకొకసారి చెప్పింది.

తర్వాత నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే పనిలో చేరి ఇరవై ఏడేళ్లు చేశాను. ఫ్లోరిన్ లాంటి హాలోజన్ల పాఠం వచ్చినప్పుడల్లా, నీళ్లలోని ఫ్లోరైడ్ మరకలు వేసిన అమ్మ పళ్ల గురించి చెప్పేదాన్ని. క్లాసులో ఇద్దరో ముగ్గురో పిల్లలు టక్కున పెదవులు బిగించేవాళ్లు. వాళ్లది ఏ వైపు ఊరో అడగాల్సిన పని ఉండేది కాదు.

పోయిన నెల మా కింద పోర్షన్‌లో ఉండే అమ్మాయి నాన్‌స్టిక్ పెనం చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"ఆంటీ, దీన్ని పారేయమంటారా? ఫరెవర్ కెమికల్స్ ఉంటాయంట, క్యాన్సర్ వస్తుందంట. రాత్రి వీడియో చూసినప్పటి నుంచీ ఒకటే టెన్షన్. బిడ్డకు దీని మీదే దోశలు పోసి పెడతా ఉండాను."

నేను నోరు తెరిచేలోపు మళ్లీ తనే అంది. "అయినా ఫ్లోరైడే కదా ఆంటీ? ఇంట్లో ఆర్‌వో ఉంది. అది తీసేస్తుంది కదా?"

ఆ రెండు ప్రశ్నలకూ గడపలో నిలబడి జవాబు చెప్పలేను. లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. ఆ రోజు చెప్పినవీ, ఆ తర్వాత రాత్రిళ్లు గుర్తొచ్చి చెప్పలేకపోయానే అనిపించినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ రెండో ప్రశ్న. ఫ్లోరైడ్ వేరు, ఈ ఫరెవర్ కెమికల్స్ వేరు. ఈ తేడా పట్టుకోవడం మన తెలుగువాళ్లకు కొంచెం కష్టమే. ఫ్లోరిన్ అనే మాట చెవిన పడగానే మనకు నల్గొండ గుర్తొస్తుంది, వంకర్లు తిరిగిన కాళ్లు గుర్తొస్తాయి. ఆ ఫ్లోరైడ్ నేలలోది. గ్రానైట్ లాంటి రాళ్లలోని ఖనిజాల నుంచి కరిగి నీళ్లలోకి దిగుతుంది. మనిషి పుట్టకముందు నుంచీ ఉన్నది. పీఫాస్ అని పొట్టిగా పిలిచే ఈ రసాయనాలను మనిషి ఫ్యాక్టరీలో చేశాడు. కార్బన్ పరమాణువులు వరసగా పేర్చిన గొలుసును ఊహించుకోండి. మన వంటనూనెలో ఆ గొలుసు చుట్టూ హైడ్రోజన్ ఉంటుంది. ఆ హైడ్రోజన్‌ను తీసేసి ఫ్లోరిన్‌ను కూర్చోబెడితే వచ్చే కుటుంబం ఇది. వేలల్లో ఉన్నాయి. కార్బన్‌కూ ఫ్లోరిన్‌కూ మధ్య ఉండే బంధం సేంద్రియ రసాయన శాస్త్రంలో ఉన్న గట్టి బంధాల్లో మొదటి వరసలోది. అందుకే ఇవి నూనెను అంటనివ్వవు, నీళ్లను నిలవనివ్వవు, వేడికీ ఆమ్లానికీ లొంగవు. అంత గట్టిది మట్టిలో పడితే సూక్ష్మజీవులు దాన్ని తినలేవు. మన ఒంట్లో పడితే కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు.

పుట్టుక చాలా మామూలుగా జరిగింది. 1938 ఏప్రిల్‌లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ అనే యువ రసాయన శాస్త్రవేత్త ఫ్రిజ్‌లలో వాడే గ్యాస్ కోసం ప్రయోగాలు చేస్తున్నాడు. ఒక సిలిండర్ వాల్వ్ తిప్పితే గ్యాస్ రాలేదు. బరువు చూస్తే మాత్రం తగ్గలేదు. కోసి చూస్తే లోపల తెల్లటి పొడి ఉంది, చేతికి మైనంలా జారుతోంది. అదే తర్వాత టెఫ్లాన్ అయింది. ఈ కథను నేనే పిల్లలకు ఎంతో ఉత్సాహంగా చెప్పేదాన్ని. పరిశీలన ఎంత ముఖ్యమో చూడండి అనేదాన్ని. పాఠం అక్కడితో అయిపోయేది. ఆ పొడిని టన్నుల్లెక్కన తయారు చేసిన ఊళ్లలో ఏం జరిగిందో మా పుస్తకంలో లేదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు దానికి బాధపడుతున్నాను.

ఇక పెనం సంగతి. నా జవాబు విని ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. ఆ పూత గొలుసు చాలా పొడవైంది. పెచ్చు ఊడి కడుపులోకి పోయినా ఒంటికి పట్టదు, వచ్చిన దారినే పోతుంది. ఖాళీ పెనాన్ని స్టవ్ మీద పెట్టి ఫోన్‌లో పడి మర్చిపోతే మాత్రం ప్రమాదం. 260 డిగ్రీలు దాటిన దగ్గర్నుంచి పూత చెడడం మొదలవుతుంది. 350 దాటితే విషవాయువులు వస్తాయి. పీల్చిన మనుషులకు ఫ్లూలాగా జ్వరం వస్తుంది. అదే గదిలో పంజరంలో చిలక ఉంటే చచ్చిపోతుంది. కాబట్టి సన్నని మంట మీద వాడుకో, గీతలు పడి పూత లేస్తుంటే తీసేయ్ అని చెప్పాను. నేను మా అత్తగారు ఇచ్చిన ఇనప పెనమే వాడతాను. దోశ దాని మీదే బాగా వస్తుంది. అంతకుమించి అందులో పెద్ద విశేషం లేదు.

ఆ పెనం తయారైన చోటు గురించే నా బాధంతా.

పశువులు ముందు చెప్పాయి, రెండు చోట్లా. 1930లలో అప్పటి నెల్లూరు జిల్లాలో రైతులు తమ ఎద్దులు కాళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారు. 1937లో ఆ జిల్లాలోనే మనుషుల ఎముకల జబ్బుకు తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ కారణమని డాక్టర్లు రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ లెక్కలోకి ఎక్కింది అలాగే. అరవై ఏళ్ల తర్వాత అమెరికాలో, వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని పార్కర్స్‌బర్గ్ దగ్గర, విల్బర్ టెన్నంట్ అనే రైతు ఆవులు ఒకటొకటిగా చచ్చిపోయాయి. పక్కనున్న డ్యూపాంట్ చెత్త దిబ్బ మీంచి వచ్చే వాగు నీళ్లు అవి తాగేవి. ఆయన వీడియో తీశాడు, చచ్చిన ఆవును కోసి లోపలి అవయవాలు చూపించాడు. స్థానికంగా ఎవరూ పట్టించుకోలేదు. చివరికి రాబర్ట్ బిలోట్ అనే లాయర్ 1999లో కేసు వేశాడు. కోర్టు ద్వారా తెప్పించుకున్న పాత కాగితాల్లో అసలు సంగతి బయటపడింది. టెఫ్లాన్ తయారీలో 1951 నుంచి పీఎఫ్ఓఏ అనే పీఫాస్‌ను వాడుతున్నారు. 1984లో కంపెనీ మనుషులే చుట్టుపక్కల ఊళ్లలో కుళాయి నీళ్లు పట్టుకొచ్చి పరీక్ష చేశారు. ఆ నీళ్లలో పీఎఫ్ఓఏ ఉంది. ఆ ఊళ్లవాళ్లకు చెప్పలేదు.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ 1984 సంవత్సరమే. నీళ్లు పట్టుకెళ్లారు, అంకె తెలుసుకున్నారు, బీరువాలో పెట్టేశారు. ఆ నీళ్లు తాగి బిడ్డల్ని కన్న తల్లులకు ఆ అంకె తెలియడానికి ఇంకో పదిహేనేళ్లకు పైగా పట్టింది.

చివరికి కంపెనీతో కుదిరిన రాజీలో భాగంగా అక్కడ దాదాపు 69,000 మంది రక్తం పరీక్షించారు. ముగ్గురు శాస్త్రవేత్తల బృందం ఏళ్లపాటు చూసి 2012 నాటికి ఆరు జబ్బులకు పీఎఫ్ఓఏతో సంబంధం ఉండే అవకాశం ఎక్కువని తేల్చింది. కిడ్నీ క్యాన్సర్, వృషణాల క్యాన్సర్, థైరాయిడ్ జబ్బు, పెద్దపేగులో పుండ్లు, కొలెస్ట్రాల్ పెరగడం, గర్భిణులకు బీపీ రావడం. 2017లో బాధితులకు 67 కోట్ల డాలర్లకు పైగా ఇవ్వడానికి కంపెనీలు ఒప్పుకున్నాయి. 2023 చివర్లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పీఎఫ్ఓఏను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి గ్రూపులో చేర్చింది. దాని తోబుట్టువు పీఎఫ్ఓఎస్‌ను, కలిగించే అవకాశం ఉన్నవాటిలో పెట్టింది.

ఇది చదివి ఎవరూ బెదిరిపోవద్దు. ఒంట్లో ఉన్న ప్రతి ఒక్కరికీ జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. లక్షల మందిలో కొలెస్ట్రాల్ కొంచెం కొంచెం పెరగడం, పుట్టే బిడ్డల బరువు కొంచెం తగ్గడం, టీకా వేయించినా ఒంట్లో రావాల్సినంత రక్షణ రాకపోవడం, దీని దెబ్బ ఎక్కువగా ఇలా ఉంటుంది. ఈ టీకాల సంగతి ఫారో దీవుల పిల్లల మీద చేసిన పరిశోధనలో 2012లో బయటపడింది. ఒక్కో మనిషిని చూస్తే ఏమీ తెలియదు. ఏ డాక్టరూ చీటీ మీద "పీఫాస్ వల్ల" అని రాయడు, రాయలేడు. అమ్మ పళ్ల మీద ఫ్లోరైడ్ తన గుర్తు తానే వేసుకుని పోయింది. ఇది ఏ గుర్తూ వేయదు.

పోవడానికి కూడా తొందరపడదు. పారాసిటమాల్ మాత్ర వేసుకుంటే రెండు మూడు గంటల్లో సగం పోతుంది. పీఎఫ్ఓఏ సగం పోవడానికి మూడేళ్ల దాకా పడుతుంది. కొన్ని రకాలకు ఐదేళ్లు, అంతకన్నా ఎక్కువ కూడా. ఈలోపు రోజూ కొత్తది చేరుతూనే ఉంటుంది. తల్లి ఒంట్లోది మావి దాటి కడుపులో బిడ్డకు చేరుతుంది, తర్వాత పాల ద్వారా కొంత పోతుంది. ఈ మాట చెప్పగానే ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. పాలిచ్చే తల్లులందరికీ గట్టిగా చెప్పాలి, పాలు మానొద్దు. తల్లిపాల వల్ల వచ్చే మేలు చాలా పెద్దది. తగ్గించాల్సింది తల్లి తాగే నీళ్లలో.

ఆ నీళ్లలో ఎంత ఉంటే ఎక్కువ? అమెరికా పర్యావరణ సంస్థ 2024 ఏప్రిల్‌లో పీఎఫ్ఓఏకూ పీఎఫ్ఓఎస్‌కూ చెరో పరిమితి పెట్టింది, లీటరుకు 4 నానోగ్రాములు. మరికొన్ని రసాయనాల విషయంలో 2025లో వెనక్కి తగ్గుతామన్నా, ఈ రెండింటి పరిమితి ఉంచుతామనే చెప్పింది. లీటరుకు ఒక నానోగ్రామ్ అంటే ఎంతో మన లెక్కలో చెప్తాను. ఎండాకాలంలో మన వీధుల్లోకి 5,000 లీటర్ల ట్యాంకర్ వస్తుంది కదా. అలాంటివి 10,000 ట్యాంకర్లు వరసగా నిలబెట్టి, మొత్తం నీళ్లలో కలిసేలా ఒకే ఒక్క చుక్క వేస్తే అంత. నాలుగు చుక్కలు పరిమితి. మన దేశంలో తాగునీళ్లలో ఫ్లోరైడ్ వేరే దారి లేనప్పుడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. ఈ 4 నానోగ్రాములకు అది 3,75,000 రెట్లు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2020లో చెప్పిన లెక్క ఇంకోటి ఉంది. నాలుగు రకాల పీఫాస్ కలిపి, కిలో శరీర బరువుకు వారానికి 4.4 నానోగ్రాములు మించకూడదంది. అరవై కిలోల మనిషికి వారానికి 264. ఒక చక్కెర పలుకు బరువులో అది వెయ్యో వంతు కూడా కాదు.

ఇక్కడ మన ఎండల మాట చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటి పరిమితులు లెక్కవేసేటప్పుడు మామూలుగా పెద్ద మనిషి రోజుకు రెండు లీటర్లు తాగుతాడనుకుంటుంది. మే నెలలో రేణిగుంట రోడ్డు మీద ఆటో తోలే మనిషి రెండు లీటర్లతో బతుకుతాడా? ఫ్లోరైడ్ విషయంలో మనం ఇది ముందే చూశాం. నీళ్లలో అంకె తక్కువే ఉన్నా, ఎక్కువ తాగేవాడికి ఎక్కువ చేరుతుంది. పీఫాస్‌కూ ఇదే లెక్క.

ఇప్పుడు ఆర్‌వో. ఆ మధ్య ప్యూరిఫైయర్ అమ్మే కుర్రాడు మా ఇంటికొచ్చాడు. గ్లాసులో మా కుళాయి నీళ్లు పోసి రెండు కడ్డీలు ముంచి కరెంటు పెట్టాడు. నీళ్లు ఎర్రగా, మురికిగా అయిపోయాయి. "చూడండి మేడమ్, మీరు తాగుతున్న విషం" అన్నాడు. ఆ ఎరుపు కడ్డీలోని ఇనుము కరిగి వచ్చిందే, నీళ్లది కాదు. టీడీఎస్ మీటర్ పెట్టి చూపించే అంకె కూడా అంతే. అది నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి మిల్లీగ్రాముల్లో చెప్తుంది. పది వేల ట్యాంకర్లలో నాలుగు చుక్కలు దానికి అందవు. మన ఊర్లో నీళ్ల మీద నమ్మకం, భయం రెండూ ఆ మీటర్ అంకె మీదే నడుస్తున్నాయి, అందుకే ఇంత చెప్తున్నాను. ఆర్‌వో పొర మంచిదైతే, టైముకు మారుస్తుంటే, పీఫాస్‌ను చాలావరకు ఆపుతుంది. కార్బన్ ఫిల్టర్ కూడా ఆపుతుంది, నిండిపోయేదాకా. ఆ తర్వాత వదిలేస్తుంది. కాచడం వల్ల ఏ ఉపయోగమూ లేదు. నీళ్లు ఆవిరవుతాయి, ఇది మిగులుతుంది. ఆర్‌వో ఆపిన దాన్ని ఏం చేస్తుంది? పక్క పైపులోంచి సింకులోకి వదులుతుంది. అక్కడి నుంచి కాలవలోకి, నేలలోకి. నా గ్లాసు శుభ్రమైంది, వీధి చివర బోరు తాగేవాళ్ల గ్లాసు కాలేదు.

మనకు ఇవి ఇంకా ఎక్కడెక్కడ తగులుతాయో చూద్దాం. వాన నిలవని జాకెట్లు, మరక పట్టని సోఫా బట్టలు, చెమటకు చెరగని కొన్ని మేకప్ సామాన్లు, ఏసీల్లో వాడే కొన్ని గ్యాసులు. నూనె దిగకుండా పూత వేసిన కాగితాలు వీటిలో ముఖ్యం, ఎందుకంటే అందులో వేడివేడి తిండి పెడతాం. మా మనవడితో కలిసి ఒక పని చేశాను. ఇంట్లో ఉన్న మిఠాయి డబ్బాలు, కాగితం ప్లేట్లు, పార్శిల్ కవర్లు వరసగా పెట్టి ఒక్కోదాని మీద ఒక్కో చుక్క వేరుశనగ నూనె వేశాం. కొన్నింటి మీద నూనె ఇంకి చెమ్మ పాకింది. కొన్నింటి మీద ముత్యంలా నిలబడింది. నిలబడినంత మాత్రాన పీఫాస్ ఉన్నట్టు కాదు. ప్లాస్టిక్ పొర ఉన్నా, మైనం పూసినా అట్లాగే నిలుస్తుంది. ఏది ఏదో చెప్పే మాట ఆ డబ్బాల మీద ఒక్కదానిపైనా లేదు. డెన్మార్క్ 2020లోనే తిండి పెట్టే కాగితాల్లో పీఫాస్‌ను నిషేధించింది. అక్కడ జనం తినడం మానలేదు, బేకరీలు మూతపడలేదు. అలిపిరి దగ్గర బజ్జీల బండికి ఇది మరీ సులువు. అరిటాకు ముక్క ఉంది, అడ్డాకు ఉంది.

ఇలా వస్తువు వస్తువూ చూసుకుంటూ పోతే ఎక్కడ తేలతామో పెనం స్టిక్కరే చెప్తుంది. ఆ అమ్మాయి పెనం అడుగున "పీఎఫ్ఓఏ ఫ్రీ" అని అంటించి ఉంది. అబద్ధం కాదు. అమెరికా పెద్ద కంపెనీలు 2015 నాటికి పీఎఫ్ఓఏ మానేశాయి. దాని చోట డ్యూపాంట్ జెన్ఎక్స్ అనే పొట్టి గొలుసు రసాయనాన్ని తెచ్చింది. 2017లో నార్త్ కరోలినాలో కేప్ ఫియర్ నది నీళ్లలో, ఆ నీళ్లు తాగే విల్మింగ్టన్ ఊరి కుళాయిల్లో జెన్ఎక్స్ ఉందని జనానికి తెలిసింది. ఒకటి మాని ఇంకోటి. అది తప్పని తేలేలోపు మరొకటి. వేల రసాయనాల కుటుంబంలో ఒక్కో పేరు పట్టుకుని వంటగదిలో యుద్ధం చేయమని ఆడవాళ్లకు చెప్పడం అన్యాయం. పెనం మార్చు, డబ్బా మార్చు, ఫిల్టర్ కొను. అన్నీ ఆమె నెత్తినే. చేసినవాడు, అమ్మినవాడు, అనుమతి ఇచ్చినవాడు ఎక్కడా కనిపించరు.

నేను అడిగేది ఒకటే. మన నీళ్లలో ఎంత ఉందో పరీక్ష చేయాలి, ఆ అంకె బయట పెట్టాలి.

నాతో కలిసి పనిచేసిన ఒక లెక్చరర్‌కు ఈ మాట చెప్తే ఆయనకు కోపం వచ్చింది. "ఏం మేడమ్, మన పైపుల్లో డ్రైనేజీ నీళ్లు కలవకుండా చూసుకోలేకపోతున్నాం. పల్లెల్లో ఫ్లోరైడ్ పోలేదు. మీరు నానోగ్రాముల గురించి మాట్లాడతా ఉండారు. ఇది డబ్బున్న దేశాల భయం" అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది. వాంతులు, విరేచనాలతో పిల్లలు పోయే చోట ముందు క్లోరిన్ గురించి అడగాలి. నేను ఒప్పుకుంటాను. కానీ ఆ పాత శత్రువులతో మనకు ఒక వెసులుబాటు ఉంది. సూక్ష్మజీవి కాచితే చస్తుంది. ఫ్లోరైడ్‌కు నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు పటిక, సున్నంతో నల్గొండ పద్ధతి కనిపెట్టారు. పల్లెలో డ్రమ్ము పెట్టి చేసుకోవచ్చు. భూగర్భ జలంలోకి పీఫాస్ దిగాక అలాంటి చవక మందు లేదు. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తోడి, కార్బన్‌లో వడకట్టి, ఆ కార్బన్‌ను వెయ్యి డిగ్రీలకు పైగా కాల్చాలి. డబ్బున్న దేశాలే ఆ ఖర్చుకు తట్టుకోలేక మూలుగుతున్నాయి. మనం పేదవాళ్లం కాబట్టే ముందు చూసుకోవాలి.

అది మన దాకా రాలేదనుకోవడానికి కూడా లేదు. గంగా పరీవాహకంలో నది నీళ్లలోనూ తాగే నీళ్లలోనూ పీఫాస్ ఉందని 2016లో వచ్చిన పరిశోధన చూపించింది. ఇటలీలో విచెంజా దగ్గర త్రిస్సినో అనే ఊర్లో మితెని అనే ఫ్యాక్టరీ ఉండేది. దాని పీఫాస్ భూగర్భ జలంలోకి దిగి దాదాపు మూడున్నర లక్షల మంది తాగే నీళ్లు పాడయ్యాయి. 2018లో అది దివాలా తీసి మూతపడింది. 2025 జూన్‌లో అక్కడి కోర్టు 11 మందికి జైలు శిక్ష వేసింది. ఆ ఫ్యాక్టరీ యంత్రాలు వేలంలో అమ్ముడయ్యాయి, ఓడెక్కి మన దేశానికి వచ్చాయి. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా, లోటే పరశురామ్ పారిశ్రామికవాడకు. ఈ వార్త చదివిన రోజు చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. అక్కడ తల్లులు బిడ్డల రక్తపరీక్ష అంకెలు చొక్కాల మీద రాసుకుని రోడ్డెక్కి నిలదీసిన ఫ్యాక్టరీ యంత్రాలవి.

తిరుపతి తాగే నీళ్లు కొంత కల్యాణి డ్యామ్ నుంచి, కొంత కండలేరు మీదుగా తెలుగుగంగ నుంచి వస్తాయి. మిగతాది బోర్లు, ట్యాంకర్లు, వీధి వీధికీ ఉన్న ఆర్‌వో ప్లాంట్ల ఇరవై లీటర్ల క్యాన్లు. చుట్టూ గాజులమండ్యం పారిశ్రామికవాడ, రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు, ఇంకాస్త దూరంలో శ్రీసిటీ. నా దగ్గర చదివిన పిల్లలు ఎంతోమంది అక్కడ పనిచేస్తున్నారు. ఆ ఉద్యోగాలు వాళ్ల ఇళ్లు నిలబెట్టాయి. ఆ ఫ్యాక్టరీలు మూయమనే మాట నా నోట రాదు. చిప్‌ల తయారీలో, గుండె ఆపరేషన్లలో వాడే కృత్రిమ రక్తనాళాల్లో ఈ రసాయనాలకు ఇంకా సరైన బదులు దొరకలేదు. అలాంటి చోట వాడుకోవచ్చు, కాపలా కాస్తూ. బజ్జీ కాగితంలో ఎందుకు? ఇక్కడి ఏ ఫ్యాక్టరీ మీదా నేను వేలెత్తి చూపడం లేదు. ప్రపంచంలో పీఫాస్ దొరికిన చోట్లన్నీ చూస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. పారిశ్రామికవాడల కింది బోర్లు, విమానాశ్రయాల్లో మంటలార్పే నురుగు వాడిన నేల, మురుగునీటి శుద్ధి కేంద్రాల చివర, చెత్త దిబ్బల కింద ఊరే నీళ్లు. మన జిల్లాలో ఈ నాలుగూ ఉన్నాయి. అక్కడి నీళ్లు ముందు చూడండి అంటున్నాను. స్వర్ణముఖి ఇసుకలో తవ్వుకున్న చెలమ నీళ్లు తాగి పెరిగిన తరం ఇంకా మన మధ్య ఉంది. వాళ్ల మనవలకు ఆ ఏటి నీళ్ల గురించి చెప్పడానికి మన దగ్గర ఒక్క అంకె ఉండొద్దా?

పరీక్ష తేలిక కాదు, నాకు తెలుసు. నీళ్లు పట్టే మనిషి వాటర్‌ప్రూఫ్ జాకెట్ వేసుకుని ఉన్నా, సీసా మూతకు టెఫ్లాన్ పొర ఉన్నా ఫలితం చెడిపోతుంది. ఖరీదైన మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. కానీ ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది, ఊర్లో యూనివర్సిటీలున్నాయి. మనది చదువుల ఊరు. ఏడాదికి రెండుసార్లు ఇరవై చోట్ల నీళ్లు పరీక్షించడానికి ఈ ఊరికి తెలివి తక్కువా?

నా వంతుగా సోమవారం అర్జీలు తీసుకునే చోట ఒక కాగితం ఇచ్చి వచ్చాను. మా వీధి కుళాయి నీళ్లలో పీఫాస్ పరీక్ష ఎప్పుడైనా చేశారా, చేస్తే అంకె ఎంత అని అడిగాను. కౌంటర్లో ఉన్నాయన "ఫ్లోరైడే కదమ్మా" అన్నారు. కాదని మళ్లీ మొదటి నుంచి చెప్పాను. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. ఒక పేజీ నీటి పరీక్ష రిపోర్టు. పీహెచ్, టీడీఎస్, కాఠిన్యం, క్లోరైడ్, నైట్రేట్, ఫ్లోరైడ్. అన్నీ పరిమితి లోపలే. అడిగిన దానికి జవాబు లేదు. ఉండదు కూడా. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో పీఫాస్‌కు పరిమితి లేదు. పరిమితి లేనిదానికి రిపోర్టులో గడి ఉండదు. గడి లేకపోతే ఎవరూ పరీక్షించరు.

ఆ రిపోర్టులో ఫ్లోరైడ్ అని రాసి ఉన్న గడిని చాలాసేపు చూశాను. ఆ గడి ఊరికే రాలేదు. కాళ్లు వంకర్లు పోయిన మనుషులు తమ ఒళ్లు చూపిస్తే వచ్చింది. మా అమ్మలాంటి వాళ్ల పళ్లు సాక్ష్యం చెప్తే వచ్చింది. కంటికి కనిపించే జబ్బుకే అంత కాలం పట్టింది. ఒంటి మీద ఏ గుర్తూ వేయని ఈ రసాయనం కోసం ఎవరు ఎక్కడికి వెళ్లి ఏం చూపిస్తారు? మనిషి ఒళ్లు చూపిస్తే తప్ప గడి రాదనే పద్ధతి మారాలి. ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చే రోజే, ఏ రసాయనం ఎంత వాడతారో రాయించుకుని, దాని కింది బోరు నీళ్లు పట్టి పెట్టుకోవాలి.

రెండో అర్జీ పోయిన ఆదివారం రాశాను. ఈసారి ఒక్కదాన్నే కాదు, మా వీధిలో పద్నాలుగు ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టారు. ఏయే చోట్ల నీళ్లు పట్టాలో, ఎలాంటి సీసాలో పట్టాలో కూడా రాశాను, మళ్లీ ఫ్లోరైడ్ రిపోర్టు పంపకుండా. కింది పోర్షన్ అమ్మాయి చివరగా సంతకం చేసి, పెన్ను నా చేతికి ఇవ్వకుండా కాసేపు ఆగింది.

"బిడ్డ పేరు కూడా రాయొచ్చా ఆంటీ?"

తన పేరు కింద బిడ్డ పేరు తనే రాసింది. పక్కన వయసు మూడేళ్లు అని నేను రాశాను.